బాలింత గుండె – నలభై రోజుల కాపలా

కాన్పు ఆడదానికి పునర్జన్మ అంటారు మనవాళ్ళు. బిడ్డ ఏడుపు వినిపించి, మాయ పడిపోయాక, "అమ్మయ్య, గండం గడిచింది" అని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఇక ఆ క్షణం నుంచి అందరి కళ్ళూ బిడ్డ మీదే. బరువెంత, రంగేమిటి, ఎవరి పోలిక అన్న మాటలే. తల్లి గురించి అడిగే ప్రశ్నలు రెండే రెండు: పాలు పడ్డాయా? పథ్యం సరిగ్గా పెడుతున్నారా?

గుండె విషయంలో మాత్రం గండం కాన్పుతో గడిచిపోదు. కొందరికి అసలు గండం అప్పుడే మొదలవుతుంది. ఆ సంగతి ఈ వారం వివరంగా చెప్పడానికి కారణం, ఏలూరు ప్రాంతం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం.

"డాక్టరుగారూ, మా అమ్మాయికి తొలి కాన్పు అయి ఇరవై రోజులైంది. పగలు బాగానే వుంటుంది. రాత్రి పడుకోగానే పొడి దగ్గు తెర వస్తుంది. లేచి కూర్చుంటే తగ్గుతుంది. పాదాల వాపు ఇంకా పోలేదు. పథ్యం తప్పి పెరుగు తిన్నదని మా అత్తగారు కోప్పడుతున్నారు. దగ్గు మందు రెండు సీసాలు పోశాము. ఇంకేదైనా మంచి మందు రాయగలరు."

ఉత్తరంలో ఫోను నెంబరు వుంది. అందువల్ల ఆ రోజే చెప్పాను, ఈ పేజీలో జవాబు కోసం ఎదురు చూడవద్దని, అమ్మాయిని వెంటనే పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళమని. అక్కడ గుండెకు ఎకో పరీక్ష చేశారు. ఆ అమ్మాయి గుండె కండరం బలహీనపడి, రక్తాన్ని పూర్తి శక్తితో తోయలేకపోతున్నదని తేలింది. ఊపిరితిత్తులలో నీరు చేరింది. దగ్గుకు కారణం అదీ! పెరుగు ఏ పాపమూ ఎరుగదు. ఇప్పుడు మందులు వాడుతున్నది, హాయిగా పడుకోగలుగుతున్నది. మరో వారం దగ్గు మందుతో గడిపివుంటే కథ వేరుగా వుండేది.

కాన్పు తరువాత గుండెకు ఎందుకంత శ్రమ?

మామూలు మనిషి గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది. గర్భిణిలో రక్తం పరిమాణం దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. తల్లికీ, బిడ్డకూ కలిపి గుండె నిమిషానికి 7 లీటర్ల దాకా తోయవలసి వస్తుంది. తొమ్మిది నెలలూ ఈ అదనపు చాకిరీ గుండె చడీచప్పుడు లేకుండా చేస్తుంది.

ప్రసవం కాగానే భారం దిగిపోతుందని మనం అనుకుంటాం. నిజానికి జరిగేది వేరు. గర్భసంచి ముడుచుకుంటుంది. అప్పటిదాకా బిడ్డను పోషించిన రక్తంలో 300 నుంచి 500 మిల్లీలీటర్లు ఒక్కసారిగా తల్లి రక్తప్రవాహంలోకి తిరిగి వస్తుంది. ఆ తరువాత కొద్ది రోజులపాటు కాళ్ళలో, ఒంట్లో వాపుగా వున్న నీరు కూడా రక్తనాళాలలోకి చేరుతుంది. గోదావరి కాలువలో కింది లాకు మూసేసి పైనుంచి నీరు వదిలితే ఏమవుతుంది? గట్లు గట్టివైతే తట్టుకుంటాయి. ఎక్కడో బలహీనత వుంటే అక్కడే గండి పడుతుంది. గుండె సంగతీ అంతే.

మరో ముఖ్య విషయం. రక్తపోటు కాన్పు రోజున కాదు, కాన్పు అయిన 3వ రోజు నుంచి 6వ రోజు మధ్య ఎక్కువగా పెరుగుతుంది. సరిగ్గా ఆ రోజులలోనే మనం బాలింతను ఆస్పత్రి నుంచి పుట్టింటికి తీసుకువెళతాము. ఆస్పత్రిలో నర్సు రోజూ చూసిన బి.పి.ని ఇంటి దగ్గర చూసేవారు వుండరు. శరీరం పూర్వపు స్థితికి రావడానికి ఆరు వారాలు పడుతుంది, కొందరిలో ఇంకా ఎక్కువ. మన పెద్దలు బాలింతను నలభై రోజులు ప్రత్యేకంగా చూడాలనడంలో ఎంతో అర్థం వుంది.

కనిపెట్టవలసిన శత్రువులు నలుగురు

మొదటిది రక్తపోటు. 140/90 కన్న ఎక్కువ వుంటే అది మామూలు కాదు. 160/110 వుంటే అత్యవసరం. గంటల లెక్కన చికిత్స జరగాలి. కాన్పుకు ముందు బి.పి. వున్నవారికే ఇది వస్తుందని అనుకోవద్దు. అప్పటిదాకా ఏమీ లేనివారికి కాన్పు తరువాత కొత్తగా కూడా వస్తుంది. భరించరాని తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, చూపు మసకబారడం, రొమ్ముల కింద కుడిపక్క డొక్కలో నొప్పి – ఇవి దీని గుర్తులు. అశ్రద్ధ చేస్తే మూర్ఛలు వస్తాయి. పల్లెల్లో గుర్రపు వాతం అంటారే, అదే ఇది. గాలి సోకిందని, దిష్టి తగిలిందని కాలయాపన చేయవద్దు. ఆస్పత్రిలో మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షనుతో మూర్ఛలను అదుపు చేయవచ్చు.

రెండవది కీళ్ళవాతపు జ్వరం మిగిల్చిపోయిన గుండె కవాటాల జబ్బు. చిన్నతనంలో, ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ళ మధ్య, ఒక రకం క్రిముల వల్ల వచ్చిన గొంతు నొప్పి సరిగా నయంకాక కీళ్ళ నొప్పులు, జ్వరంగా మారుతుంది. కీళ్ళు బాగుపడతాయి. గుండె కవాటం మాత్రం మెల్లగా మందమెక్కి ఇరుకవుతుంది. ఇరవై ఏళ్ళ పిల్ల పెళ్ళి నాటికి ఏ బాధా లేకుండా వుండవచ్చు. గర్భంతో రక్తం పెరిగినప్పుడు, ప్రసవం తరువాత ఒక్కసారిగా రక్తం వచ్చి పడినప్పుడు, ఇరుకు తలుపు దగ్గర జనం తొక్కిసలాడినట్లవుతుంది. రక్తం వెనక్కు, ఊపిరితిత్తులలోకి ఎగదన్నుతుంది. ఇలాంటివారికి కాన్పు తరువాత మొదటి మూడు రోజులు చాలా ప్రమాదకరం.

మూడవది, పై ఉత్తరంలోని అమ్మాయికి వచ్చిన గుండె కండరం బలహీనత. ఇది తొమ్మిదో నెల నుంచి కాన్పు తరువాత ఐదు నెలలలోపు ఎప్పుడైనా రావచ్చు. అంతకు ముందు గుండె జబ్బేమీ లేని స్త్రీకే వస్తుంది. కవలలు పుట్టినవారిలో, ముప్పై దాటినవారిలో, రక్తపోటు వచ్చినవారిలో ఎక్కువగా చూస్తాము. అయితే ఇరవై ఏళ్ళ పిల్లకు రాదనే హామీ లేదు. సకాలంలో గుర్తించి మందులు వాడితే సగం మందికి, అంతకన్న ఎక్కువ మందికి కూడా, గుండె మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది. గుర్తించకపోతే ప్రాణం పోవచ్చు. ఈ జబ్బుతో వచ్చే చిక్కు ఏమిటంటే, దీని లక్షణాలు బాలింతరాలి సహజమైన అలసట లాగే వుంటాయి.

నాలుగవది రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. తెలుగు రాష్ట్రాలు రెండూ ఇంచుమించు ఆ లెక్కలోనే వున్నాయి. రక్తం పలచనైనప్పుడు గుండె ఎక్కువసార్లు కొట్టుకుని ఆ లోటు పూడ్చుకోవాలి. హిమోగ్లోబిన్ 7 గ్రాములకు దిగిపోతే గుండె ఆ పరుగు ఎంతోకాలం పరుగెత్తలేదు. కాన్పులో పోయిన రక్తం దీనికి తోడవుతుంది.

వీటితోపాటు కాలి నరాలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఒకటుంది. ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పి వుంటే అనుమానించాలి. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ఉన్నట్టుండి ఆయాసం, గుండెల్లో నొప్పి వస్తాయి.

ఆస్పత్రి కాన్పులు పెరిగాయి – మరి ఇంటి దగ్గర?

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నూటికి 96 పైగా కాన్పులు ఆస్పత్రులలోనే జరుగుతున్నాయి. ఇది గొప్ప ప్రగతి. ఉమ్మడి రాష్ట్రంలో 2001–03 నాటికి లక్ష కాన్పులకు 195 మంది తల్లులు చనిపోయేవారు. 2018–20 లెక్కలలో ఆంధ్రలో అది 45కు, తెలంగాణలో 43కు తగ్గింది. రక్తస్రావం, సూతికా జ్వరం వంటివాటిని చాలావరకు అదుపు చేయగలుగుతున్నాము. ఇక మిగిలిన మరణాలలో రక్తపోటు, గుండె జబ్బుల వాటా ఎక్కువగా కనిపిస్తుంది. ఆస్పత్రిలో తల్లి వుండేది రెండు రోజులు. ఆపరేషను అయితే ఐదారు రోజులు. మిగిలిన ముప్పై అయిదు, నలభై రోజులూ ఇంట్లోనే. కాబట్టి కాపలా కూడా ఇంట్లోనే వుండాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు గ్రామ స్త్రీలకే శిక్షణ ఇచ్చి, కాన్పయిన ఇళ్ళకు పంపి, శిశువుల మరణాలను బాగా తగ్గించారు. 1999లో వారి ఫలితాలు లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. ఆ బాటలోనే 2011 నుంచి మన దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింతల ఇళ్ళకు వెళుతున్నారు. ఆస్పత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజులలో – మొత్తం ఆరుసార్లు. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన సలహా కూడా ఇదే తీరున వుంది. కాన్పు తరువాత మొదటి 24 గంటలు ఆస్పత్రిలో వుంచి, ఆపైన 48–72 గంటల మధ్య, 7–14 రోజుల మధ్య, మళ్ళీ ఆరో వారంలో తల్లినీ బిడ్డనూ పరీక్షించాలని, మొదటి వారంలో ఇంటికి వెళ్ళి చూడటం మంచిదని ఆ సంస్థ చెప్పింది.

అయితే ఈ రాకపోకలు ముఖ్యంగా బిడ్డ కోసం మొదలైనవి. బిడ్డను తూచడం, జ్వరం చూడటం, బొడ్డు చూడటం – ఇవన్నీ శ్రద్ధగా జరుగుతాయి. తల్లిని భోజనం గురించి, రక్తస్రావం గురించి, జ్వరం గురించి, పాల గురించి అడుగుతారు. "ఆయాసం వస్తోందా?" అని అడగడం మాత్రం చాలాచోట్ల మరచిపోతారు. ఆ ఒక్క ప్రశ్న ఎంత విలువైనదో చెబుతాను.

మా ఆస్పత్రి పరిధిలోని ఒక ఊళ్ళో ఆశా కార్యకర్త ఒకామె 14వ రోజు బిడ్డను తూచడానికి వెళ్ళింది. బిడ్డ బాగానే వుంది. కాని బాలింత మంచం మీద మూడు దిండ్లు కనిపించాయి. "ఇన్ని దిండ్లు ఎందుకమ్మా?" అని అడిగింది. "ఒక్క దిండుతో పడుకుంటే ఊపిరాడటం లేదక్కా" అన్నది ఆ పిల్ల. కార్యకర్త వెంటనే ఏ.ఎన్.ఎం.కు ఫోను చేసింది. ఆమె వచ్చి చూస్తే నాడి 124 కొడుతున్నది. 108లో పంపించారు. చిన్నప్పటి కీళ్ళవాతపు జ్వరం వల్ల కవాటం ఇరుకైందని తేలింది. ఆ పిల్లకు కవాటాన్ని బెలూనుతో వెడల్పు చేశారు. పదో తరగతి దాకా చదువుకున్న ఒక స్త్రీ, ఏ యంత్రమూ లేకుండా, మంచం మీది దిండ్లు లెక్కపెట్టి ఒక ప్రాణం నిలిపింది.

ఆమె వచ్చినప్పుడు మీరు చేయవలసినది

ఆశా కార్యకర్త గాని, ఏ.ఎన్.ఎం. గాని ఇంటికి వస్తే వాకిట్లోనే మాట్లాడి పంపకండి. "మైల, పురిటి గదిలోకి ఎవరూ రాకూడదు" అనే పట్టింపు ఆమెకు వర్తింపజేయవద్దు. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్ళు ఇచ్చి లోపలికి తీసుకువెళ్ళండి. అత్తగారు గాని, భర్త గాని పక్కనే వుండి అన్నీ తామే జవాబు చెప్పకుండా, కాసేపు బాలింతను ఒంటరిగా మాట్లాడనివ్వండి. పిల్ల సిగ్గుపడి, "అందరికీ ఉండే అలసటే" అని దాచుకున్న బాధ అప్పుడే బయటికి వస్తుంది.

ఆమెను ఈ పనులు అడిగి చేయించుకోండి:

1. బి.పి. చూడటం. ముఖ్యంగా మొదటి పది రోజులలో రెండుమూడుసార్లు. ఆశా దగ్గర బి.పి. మిషను లేకపోతే ఏ.ఎన్.ఎం.కు కబురు చేయండి. ఇంట్లో పెద్దల కోసం కొన్న మిషను వుంటే అదే వాడవచ్చు. బాలింత అయిదు నిమిషాలు వెన్ను ఆనించి కూర్చున్నాక, చేయి గుండె ఎత్తున పెట్టి చూడాలి. పాలిస్తున్నప్పుడు, మాట్లాడుతున్నప్పుడు చూస్తే లెక్క తప్పుతుంది.

2. నాడి లెక్కించడం. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు వేళ్ళు ఆనించి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. తీరికగా కూర్చున్నప్పుడు 110 దాటితే అదే రోజు డాక్టరుకు చూపాలి. 120 దాటితే ఆస్పత్రికే.

3. ఊపిరి లెక్కించడం. బాలింతకు తెలియకుండా ఛాతీ లేచి పడటం నిమిషంపాటు చూడండి. 24 దాటితే అనుమానం. 30కి చేరితే అత్యవసరం.

4. నాలుగు ప్రశ్నలు. వెల్లకిలా పడుకోగలుగుతున్నావా? నిద్రలో ఊపిరాడక లేచి కూర్చుంటున్నావా? స్నానానికి వెళ్ళి వచ్చేసరికి ఆయాసం వస్తోందా? కాళ్ళ వాపు తగ్గుతోందా, పెరుగుతోందా?

కాన్పు నాటి వాపు రోజురోజుకూ తగ్గి రెండు వారాలలో పోవాలి. తగ్గిన వాపు మళ్ళీ పెరిగినా, రెండు రోజులలో ఒకటిన్నర కిలో బరువు పెరిగినా అది ఒళ్ళు చేయడం కాదు, నీరు చేరడం.

పట్టణాలలో ఒక చిక్కు వుంది. ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో కాన్పయిన అమ్మాయి పేరు ఏ కార్యకర్త పుస్తకంలోనూ వుండకపోవచ్చు. పైగా పుట్టింటికి వచ్చిన పిల్ల ఆ వార్డులో గాని, ఆ ఊళ్ళో గాని నమోదు అయి వుండదు. అత్తవారి ఊళ్ళో కార్యకర్త తలుపు తట్టి వెనక్కు పోతుంది. ఇక్కడి కార్యకర్తకు సంగతే తెలియదు. కాబట్టి పిల్లను పుట్టింటికి తీసుకు వచ్చిన మరుసటి రోజే, దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో గాని, అంగన్‌వాడీలో గాని పేరు చెప్పించండి. ఇందుకు తండ్రికో, అన్నకో అరగంట చాలు.

పథ్యంలో ఏది మంచి, ఏది చెడు?

బాలింతకు పనులు చెప్పకుండా, వేళకు వండి పెట్టే మన ఆచారం మంచిదే. కాని కొన్ని అలవాట్లు గుండెకు హాని చేస్తాయి.

నీళ్ళు: దాహం వేసినా గుక్కెడు నీళ్ళే ఇస్తారు, పొట్ట పెరుగుతుందని. పాలిచ్చే తల్లి దాహం తీరా తాగాలి. నీరు తగ్గితే రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గుండె జబ్బు వుండి డాక్టరు కొలత చెప్పినవారు మాత్రం ఆ కొలత పాటించాలి.

ఉప్పు: కూరలు మాన్పించి కారప్పొడి, ఊరగాయ, ఎండుచేపలతోనే అన్నం పెట్టడం కొన్ని ఇళ్ళలో పద్ధతి. వీటిలో ఉప్పు మెండు. రోజు మొత్తానికి అన్నింటిలో కలిపి ఒక టీ స్పూను ఉప్పు చాలు. బి.పి. వున్న బాలింతకు వెల్లుల్లి కారం పెట్టదలిస్తే ఉప్పు తగ్గించి దంచండి.

ఆహారం: ఆకుకూరలు, పప్పు, పెరుగు, గుడ్డు, పండ్లు – ఇవేవీ బాలింతకు విషం కావు. ములగాకు, తోటకూర, పెసరపప్పు రక్తం పట్టడానికి మంచివి. ఐరన్ మాత్ర కాన్పు తరువాత 180 రోజులు, అంటే ఆరు నెలలు, రోజూ వేసుకోవాలి. కాఫీ, టీ, పాలతో కలిపి మింగితే ఒంటికి పట్టదు. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి.

కదలిక: పదకొండు రోజులు మంచం దిగనివ్వకపోవడం మంచిది కాదు. డాక్టరు వద్దని చెప్పకపోతే, మామూలు కాన్పయినవారు అదే రోజు, ఆపరేషను అయినవారు మరుసటి రోజు నుంచి, మెల్లగా నాలుగడుగులు నడవాలి.

పొగ: తలుపులు బిగించి గదిలో కుంపటి పెట్టడం వల్ల విషవాయువు పోగవుతుంది. తల్లికీ బిడ్డకూ ప్రమాదం. సాంబ్రాణి వేయదలిస్తే కిటికీలు తెరిచి, బిడ్డను మరో గదిలో వుంచి కాసేపే వేయండి.

నిద్ర: రాత్రి బిడ్డ లేచిన ప్రతిసారీ తల్లే లేవనవసరం లేదు. పాలిచ్చాక బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పించడం తండ్రి చేయవచ్చు. అందువల్ల ఏ మగవాడి మర్యాదా తగ్గదు.

వెంటనే ఆస్పత్రికి వెళ్ళవలసిన గుర్తులు

పడుకుంటే ఊపిరాడకపోవడం, కూర్చున్న చోటే ఆయాసం, గుండెల్లో నొప్పి లేక బిగపట్టినట్లు వుండటం, స్పృహ తప్పడం, గుండె దడ ఆగకుండా వుండటం, దగ్గితే నురగతో గాని ఎర్రజీరతో గాని కళ్ళె పడటం, భరించలేని తలనొప్పి, చూపు మసక, మూర్ఛ, బి.పి. 160/110 దాటడం. వీటిలో ఏ ఒక్కటి వున్నా ముహూర్తం, వర్జ్యం చూడవద్దు. 108కు ఫోను చేయండి. ఆస్పత్రిలో అడుగు పెట్టగానే చెప్పవలసిన మొదటి మాట – "ఈమెకు కాన్పయి ఇన్ని రోజులైంది." ఆ మాట చెప్పకపోతే క్యాజువాలిటీలో ఆయాసాన్ని ఉబ్బసంగానో, భయంగానో పొరపడే అవకాశం వుంది. దారిలో పడుకోబెట్టకుండా, వీపుకు దిండు పెట్టి కూర్చోబెట్టి తీసుకువెళ్ళండి.

ఆరో వారం పరీక్ష మానవద్దు

42వ రోజున బిడ్డకు టీకాలు వేయించడానికి అందరూ వెళతారు. అదే రోజు తల్లికి బి.పి., హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. గర్భంతో వున్నప్పుడు చక్కెర వచ్చినవారు గ్లూకోజు తాగి చేసే పరీక్ష కూడా చేయించాలి. గర్భంలో రక్తపోటు వచ్చిన స్త్రీకి, రానివారితో పోలిస్తే, తరువాతి జీవితంలో గుండె జబ్బు, పక్షవాతం వచ్చే అవకాశం సుమారు రెండింతలు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏడాదికొకసారి బి.పి., చక్కెర చూపించుకుంటూ, బరువు అదుపులో పెట్టుకుంటే ఆ ముప్పును తగ్గించుకోవచ్చు.

గుండె కండరం బలహీనపడినవారు మరో కాన్పు గురించి డాక్టరుతో మాట్లాడకుండా నిర్ణయం తీసుకోరాదు. గుండె పూర్తిగా కోలుకోకముందే మళ్ళీ గర్భం వస్తే ప్రాణాపాయం. మగపిల్లవాడి కోసమని బలవంతం చేయడం అంతకన్న పాపం. గర్భనిరోధక మాత్రలు కూడా సొంతంగా కొని వాడవద్దు. కాన్పయిన తొలి వారాలలోనూ, గుండె జబ్బులలోనూ కొన్ని రకాలు పనికిరావు.

పాఠకుల ప్రశ్నలు

ఒక సోదరి, ఖమ్మం: తొమ్మిదో నెలలో బి.పి. వచ్చింది. కాన్పయి పన్నెండు రోజులు. ఇప్పుడు 130/80 వుంది. మాత్రలు పాలలో కలిసి బిడ్డకు చేరతాయని మానేయమంటున్నారు. మానవచ్చునా?

జవాబు: మానకండి. మాత్ర వేసుకుంటున్నారు కనుకనే 130/80 వుంది. నిఫెడిపిన్, లాబెటలాల్, ఎనలాప్రిల్ వంటి మందులు పాలిచ్చే తల్లులకు వాడుతున్నవే. వాటివల్ల పుష్టిగా వున్న బిడ్డకు ఇబ్బంది రాదు. మీరు వాడుతున్నది ఏదో చీటీలో చూసి డాక్టరును అడగండి. రోజూ బి.పి. రాసి పెట్టుకుంటే, ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో ఆయన చెబుతారు.

ఒక తల్లి, గుంటూరు: మా అమ్మాయి పురుటికి అమెరికా వెళుతున్నాను. అక్కడ నర్సులు ఇంటికి రారని విన్నాను. అమ్మాయికి బి.పి. ఎక్కువగా వుందట. నేనేం చేయగలను?

జవాబు: మీరే ఇంటి నర్సు అవుతారు. అక్కడ ఇంటికి వచ్చే పద్ధతి అన్నిచోట్లా లేదు గాని, ఫిలడెల్ఫియాలోని డాక్టర్లు మంచి ఉపాయం చేశారు. బి.పి. వున్న బాలింతలకు మిషను ఇచ్చి ఇంటికి పంపి, రోజూ బి.పి. చూసుకుని ఫోనులో సందేశంగా పంపమన్నారు. 2018లో వెలువడిన వారి అధ్యయనంలో, 206 మందిలో ఆస్పత్రికి వచ్చి చూపించుకోమన్న వర్గంలో నూటికి 44 మంది బి.పి. మాత్రమే మొదటి పది రోజులలో తెలిసింది. ఇంటి నుంచి పంపమన్న వర్గంలో నూటికి 92 మందిది తెలిసింది. మీ అమ్మాయిని తన డాక్టరు దగ్గర ఇలాంటి ఏర్పాటు వున్నదేమో అడగమనండి. లేకపోయినా మంచి మిషను కొని, పది రోజులు ఉదయం, సాయంత్రం చూసి రాయండి. అక్కడ అత్యవసరానికి 911కు ఫోను చేయాలి. మీ వెంట కారప్పొడులు తీసుకువెళుతుంటే ఉప్పు తగ్గించి కొట్టుకోండి.

ఒక సోదరుడు, వరంగల్: మా వదినకు పెళ్ళికి ముందే గుండె కవాటం మార్చారు. ఇప్పుడు అయిదో నెల. కాన్పు తరువాత మా ఊళ్ళో వుంచవచ్చునా? మందులు వాడుతూ పాలివ్వవచ్చునా?

జవాబు: కాన్పు తప్పనిసరిగా గుండె డాక్టరు, కాన్పుల డాక్టరు ఇద్దరూ వున్న పెద్దాస్పత్రిలోనే జరగాలి. కాన్పయ్యాక మామూలువాళ్ళలాగ రెండు రోజులకే డిశ్చార్జి అడగవద్దు. డాక్టర్లు వుండమన్నన్ని రోజులు వుండాలి. రక్తం పలచబరిచే మందు గర్భంలో ఏ నెలలో ఏది వాడాలో చాలా జాగ్రత్తగా నిర్ణయిస్తారు. సొంతంగా మార్చకండి, మానకండి. కాన్పు తరువాత వార్ఫరిన్ వాడుతూ పాలివ్వవచ్చు. రక్త పరీక్ష మాత్రం చెప్పిన తేదీకి జరగాలి. కీళ్ళవాతపు జ్వరం మళ్ళీ రాకుండా మూడు వారాలకొకసారి పెనిసిలిన్ ఇంజెక్షను వేయించుకుంటూ వుంటే దాన్నీ ఆపవద్దు. ఊరికి తీసుకువచ్చే ముందే ఆమె కాగితాల నకలు ఒకటి ఏ.ఎన్.ఎం. చేతిలో పెట్టండి. ఇంటికి వచ్చి చూసే మనిషికి, తాను ఎవరిని చూడబోతున్నదో ముందే తెలిసి వుండాలి.